పొత్తికడుపు నొప్పి దాచుకోవద్దు



కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆడవాళ్లు పదిమందికి చెబుతారు. తెల్లబట్ట అవుతుంటే మాత్రం పక్కింటి అక్కకు కూడా చెప్పరు. సిగ్గు. చెప్పినా వచ్చే జవాబు ఒకటే. "వేడి చేసిందిలే, మజ్జిగ తాగు." మజ్జిగ మంచిదే. కానీ లోపల క్రిములు చేరి వాచితే అది మజ్జిగతో తగ్గదు.

తెల్లబట్ట అంతా జబ్బు కాదు. రెండు ముట్లకు నడుమ కోడిగుడ్డు తెల్లసొనలా, వాసన లేకుండా కొంచెం అవుతుంది. అది మామూలే. పసుపుగానో ఆకుపచ్చగానో అయినా, చెడు వాసన వచ్చినా, దురద పెట్టినా చూపించుకోవాలి.

ఈ క్రిములు కింది నుంచి పైకి పాకుతాయి. గర్భసంచిలోకి, దాని పక్కనున్న గొట్టాల్లోకి పోతాయి. అప్పుడు బొడ్డు కింద నొప్పి మొదలవుతుంది. జ్వరం రావచ్చు. భర్తతో కలిసినప్పుడు లోపల నొప్పి పుడుతుంది. ముట్టు కాని రోజుల్లో రక్తం కనబడుతుంది. మూత్రానికి పోతే మంట. ఇవన్నీ ఒక్కరికే రావు. కొందరికి సన్నటి నొప్పి తప్ప ఏమీ తెలియదు. కాన్పు తర్వాత గానీ, కడుపు పోయిన తర్వాత గానీ ఇలా అయితే అసలు ఆగకూడదు.

వదిలేస్తే గొట్టాలు మూసుకుపోవచ్చు. పిల్లలు పుట్టకపోవచ్చు. అప్పుడు ఊరంతా ఆమెనే అంటుంది. నొప్పి వచ్చిన రోజు ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లారని మాత్రం ఎవరూ అడగరు!

తెలంగాణ పక్కనే మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా ఉంది. అక్కడ రెండు ఊళ్లలో డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ 650 మంది ఆడవాళ్లను పరీక్షించారు. ఆ లెక్కలు 1989లో అచ్చయ్యాయి. నూటికి 92 మందికి ఏదో ఒక ఆడజబ్బు ఉంది. అంతకుముందు పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి 8 మందే.

పరీక్ష అంటే భయం దేనికి? డాక్టరమ్మ ముట్టు ఎప్పుడైందో అడుగుతుంది. పొట్ట నొక్కి చూస్తుంది. చేతికి తొడుగు వేసుకుని లోపల చూస్తుంది. కొంచెం ఇబ్బందే, కానీ కాసేపే. తోడుగా ఒక ఆడమనిషిని ఉంచమని అడగవచ్చు. మూత్రం, రక్తం పరీక్షలు, కావాలంటే స్కానింగు చేస్తారు. స్కానింగులో ఏమీ కనబడకపోయినా జబ్బు ఉండవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షకూ మందులకూ డబ్బు అక్కర్లేదు.

మాత్రలు మామూలుగా 14 రోజులు వాడాలి. నాలుగు రోజులకే నొప్పి తగ్గిందని మానేస్తే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. భర్తకూ మందు ఇప్పించాలి. ఇద్దరికీ నయమయ్యేదాకా కలవకూడదు. "నాకేం రోగం?" అని మగవాళ్లు ఎగిరిపడతారు. పైకి ఏమీ కనబడకపోయినా వాళ్లలో క్రిములు ఉండవచ్చు.

"గర్భసంచి తీసేస్తే పీడా పోతుంది" అనేవాళ్లూ ఉన్నారు. 2015-16 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద ఆ లెక్క 3 మందే. ఈ జబ్బు చాలామందికి మాత్రలతోనే తగ్గుతుంది. ఆపరేషన్ అనగానే ఒప్పుకోకుండా ఇంకో డాక్టరును అడగాలి.

నెల తప్పి కడుపులో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, నొప్పితో పాటు కాలిపోయే జ్వరం, వాంతులు ఉన్నా తెల్లారేదాకా చూడవద్దు. అప్పుడే 108కి ఫోన్ చేయాలి.