రాతి రంపపు తొట్టిలోని నూనె - దానిని శుభ్రపరచేవారి ఊపిరి

(ఫెడరేషన్ కార్మిక విద్యా తరగతిలో యంత్రశాల భద్రతా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



రైళ్ళు నడిపేవారికీ, ఉత్తరాలు చేర్చేవారికీ రాతిని కోసే రంపంతో ఏమి పని అని, ఈనాటి విషయం ప్రకటించగానే కొందరు మిత్రులు నవ్వారు. ఆ నవ్వు సహజమైనదే. ఈ విషయం ఎందుకు ఎన్నుకోవలసి వచ్చిందో ముందుగా మనవి చేస్తాము.

మన సభ్యులలో పలువురు ఉద్యోగ విరమణ సమయంలో చేతికందిన గ్రాట్యుటీ సొమ్ముతో చిన్న చిన్న యంత్రాలు కొని, ఇంటి వెనుక షెడ్డు వేసి, పిల్లలకు ఒక జీవనోపాధి కల్పించాలని ప్రయత్నిస్తున్నారు. అటువంటి ఒక సోదరుడు మమ్మల్ని పిలిపించారు. ఆయన పేరూ ఊరూ ఇక్కడ అప్రస్తుతం. వజ్రపు పలుకులు పొదిగిన 14 అంగుళాల బ్లేడుతో అగేటు రాళ్ళను పలకలుగా కోసే రంపం ఆయనది. బ్లేడు తరచుగా పాడవుతున్నదనీ, కోత వంకర పోతున్నదనీ, లేతుల మీద జీవితమంతా గడిపిన మేమైతే కారణం చెప్పగలమనీ ఆయన ఆశించారు. కారణం చెప్పగలిగాము. కాని అక్కడ మేము చూచినది బ్లేడు కంటె పెద్ద విషయం.

ఆయన కుమారుడు ఆ ఉదయమే తొట్టి శుభ్రం చేశాడు. అడుగున పేరుకున్న మడ్డిని తీసి, ఎండలో గచ్చు మీద పరిచాడు. అది ఆరి తెల్లబడిన తరువాత చీపురుతో ఊడ్చి గోనెసంచికి ఎత్తుతున్నాడు. షెడ్డులోకి పడే ఎండ పట్టీలో ఆ పొడి పొగలాగా ఆడుతున్నది. ముక్కుకు గుడ్డ అయినా కట్టుకోలేదేమని మేము అడిగితే, "నూనెలో కోసే రంపానికి దుమ్మెక్కడిది బాబాయ్?" అని ఆ పిల్లవాడు మమ్మల్నే తిరిగి ప్రశ్నించాడు.

ఈ ప్రసంగమంతా ఆ ఒక్క ప్రశ్నకు సమాధానమే.

నూనె దేనికి?

పెద్ద గ్రానైటు ఫ్యాక్టరీలలోనూ, తాండూరు, బేతంచెర్ల బండలను కోసే చోటనూ కోతకు నీటినే వాడతారు. ఖరీదైన చిన్న రాళ్ళను కోసే రంపాలలోను, శిలలను పరీక్షించే ప్రయోగశాలలలోను తరచుగా నూనె వాడతారు. నూనె మూడు పనులు చేస్తుంది. బ్లేడును చల్లబరుస్తుంది. రాతికీ బ్లేడుకూ మధ్య కందెనగా ఉంటుంది. తెగిన రాతిపొడిని కోత నుండి బయటికి మోసుకొనిపోతుంది. చల్లబరచడంలో నీరు నూనె కంటె మెరుగు. కందెనగా నూనె మెరుగు, పైగా తుప్పు పట్టనివ్వదు. అయితే నూనెను పీల్చుకొనే సచ్ఛిద్రమైన రాళ్ళను నూనెలో కోయరాదు. అవి మరకపడి చెడిపోతాయి.

మూడవ పనిని గురించి కొంచెం నిలిచి ఆలోచించాలి. నూనె రాతిపొడిని మోసుకొని పోతుంది సరే, ఎక్కడికి పోతుంది? తొట్టి అడుగుకు. నూనె దుమ్మును నశింపజేయదు. పట్టి ఉంచుతుంది, అంతే. తడిగా ఉన్నంతసేపు అది మడ్డి. ఆరిననాడు మళ్ళీ దుమ్మే. నెల రోజుల కోతలో గాలిలోకి పోకుండా ఆగిన దుమ్మంతా, శుభ్రం చేసేవాడు తెలియక ఆరబెడితే, ఒక్క పూటలో అతని ఊపిరితిత్తులలోకి చేరే అవకాశం ఏర్పడుతుంది.

అగేటు దాదాపు పూర్తిగా సిలికాయే. మన పొలాలలో కనిపించే పలుగురాయీ అంతే. గ్రానైటులో సాధారణంగా నాలుగవ వంతో, అంతకు మించియో పలుగురాయి అంశ ఉంటుంది. ఊపిరితిత్తుల లోతులకు చేరే సిలికా రేణువులు కంటికి కనిపించనంత సూక్ష్మమైనవి. కనిపించే దుమ్ము కన్న కనిపించని దుమ్మే ఎక్కువ హాని చేస్తుంది. వాటి వలన వచ్చే సిలికోసిస్ జబ్బుకు నయం చేసే మందు లేదు. పని మానిన తరువాత కూడా అది ముదురుతుంది. క్షయవ్యాధికి దారి తెరుస్తుంది. సిలికా దుమ్ము క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1997లో నిర్ధారించింది. గుజరాత్‌లోని ఖంభాత్‌లో తరతరాలుగా అగేటు పని చేస్తున్న కుటుంబాలలో ఈ జబ్బు ఎంతగా ఉన్నదో అహమదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధనలు చూపించాయి. అక్కడ పొడిగా సానబట్టే పనే ప్రధాన కారణం. ఆ పని చాలా వరకు ఇళ్ళలో జరిగేది కావడం వలన పనివాడితో పాటు ఇంటివారూ ఆ గాలినే పీల్చారు. మన సోదరుని షెడ్డు కూడా ఇంటి వెనుకనే ఉన్నది కదా!

ఏ నూనె?

ఆ షెడ్డులో మేము చూచిన రెండవ తప్పు నూనెది. డీజిలులో వాడేసిన ఇంజను నూనె కలిపి పోశారు. చవక అని ఎవరో చెప్పారట. కోసేటప్పుడు పొగ. సాయంత్రానికి తలనొప్పి. పిల్లవాడి ముంజేతుల నిండా నల్లని పొక్కులు.

డీజిలు, కిరోసిను తక్కువ వేడిలోనే మంటనందుకొనే ఆవిరిని ఇస్తాయి. రంపం నూనెను తుంపరగా చిమ్ముతుంది. నూనె తగ్గితే నిప్పురవ్వలూ లేస్తాయి. ఈ రెండింటినీ ఒకే మూత కింద చేర్చడం ప్రమాదాన్ని పిలవడమే. వాడేసిన ఇంజను నూనె సంగతి మెయిల్ మోటారు సర్వీసు వర్క్‌షాపు సోదరులకు మేము చెప్పనక్కర లేదు. దానిలో చేరిన మసి, లోహపు పొడి, కాలిన పదార్థాలు చర్మానికి విషం. పాత ట్రాన్స్‌ఫార్మరు నూనె మరీ ప్రమాదకరం కావచ్చు. పాత పరికరాల నూనెలో పీసీబీ అనే విషపదార్థం ఉండే అవకాశం ఉన్నది.

శుద్ధి చేయని నూనె చర్మాన్ని ఏమి చేస్తుందో కార్మిక చరిత్రలోనే సాక్ష్యం ఉన్నది. ఇంగ్లండులోని లాంకషైరు నూలు మిల్లులలో కదురు యంత్రాల నూనె రోజంతా కార్మికుల బట్టలను తడిపేది. వారిలో చర్మ క్యాన్సరు అసాధారణంగా వస్తున్నదని మాంచెస్టరు వైద్యులు 1922లో ప్రకటించారు. అంతవరకు అది ఆ కార్మికుల తలరాతగానే చెలామణి అయింది.

కాబట్టి రంపానికి కావలసినది బాగా శుద్ధి చేసిన, పలుచని, వాసన లేని, అంత తేలికగా మంటనందుకోని ఖనిజ నూనె. రంపాల కోసమే తయారైన నూనె దొరికితే అదే మేలు. డబ్బా కొనేటప్పుడు దాని భద్రతా పత్రం అడిగి తీసుకోవాలి. ధర ఎక్కువే, అయితే శుభ్రపరచుకుంటే అదే నూనె మళ్ళీ మళ్ళీ పనికి వస్తుంది.

ఎలా కాపాడుకోవాలి?

యంత్రం ఆగి ఉన్నప్పుడే నూనె మట్టం చూడాలి. బ్లేడు కింది అంచు సుమారు 6 నుండి 12 మిల్లీమీటర్ల వరకు మునిగి ఉంటే చాలు. అంతకు మించితే తుంపర పెరుగుతుంది. తగ్గితే బ్లేడు కాగి వంగిపోతుంది. వంకర కోతకు సగం కారణం ఇక్కడే ఉన్నది.

మిగిలిన సగం మడ్డిలో ఉన్నది. ఒక సన్నని కర్రను తొట్టి అడుగుకు దించి చూస్తే మడ్డి ఎంత మందాన చేరిందో తెలుస్తుంది. అది బ్లేడు అంచుకు ఒక అంగుళం దూరానికి రాకముందే శుభ్రం చేయాలి. ఆలస్యం చేస్తే బ్లేడు నూనెలో కాక రాతిపొడి బురదలో తిరుగుతుంది. వజ్రపు అంచునూ దాని వెనుక ఉక్కునూ ఆ బురదే అరగదీస్తుంది. మన సోదరుని బ్లేడులు పోయినది ఇందువల్లనే. నూనె పాలవలె తెల్లబడితే నీరు చేరినదని గుర్తు. కదల్చకుండా ఉంచితే నీరు అడుగుకు దిగుతుంది. దానిని వేరు చేయాలి.

శుభ్రపరచే క్రమం ఇది. మొదట విద్యుత్తు మెయిన్ ఆపాలి. రెండు మూడు రోజులు కదల్చకుండా ఉంచితే రాతిపొడి దిగి, పైన తేట నూనె నిలుస్తుంది. ఆ తేటను చేతి పంపుతో తోడాలి. గొట్టాన్ని నోటితో పీల్చి నూనె లాగే అలవాటు మన దేశంలో ప్రతి వర్క్‌షాపులోనూ ఉన్నది. పలుచని నూనె ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణానికే ముప్పు. తరువాత మడ్డిని చేతులతో కాక గరిటెతో తీసి, దట్టమైన గుడ్డసంచిలో నింపి, ఒక డబ్బాపై వేలాడదీయాలి. కొన్ని రోజులలో నూనె బొట్టు బొట్టుగా కిందికి దిగుతుంది. అది తిరిగి పనికి వస్తుంది. సంచిలో మిగిలిన ముద్ద ఇంకా చెమ్మగా ఉండగానే మూత గల డబ్బాలోకి మార్చాలి. దానిని ఎండబెట్టరాదు. తొట్టి గోడలను నూనెతో తడిపిన గుడ్డతో తుడవాలి. చీపురు వాడరాదు. గాలి గొట్టంతో ఊదరాదు.

ఆ ముద్దను మురుగు కాలువలో పోయరాదు. వాడిన నూనె, నూనె కలిసిన మడ్డి ప్రమాదకర వ్యర్థాలే. వాటిని తీసుకొనే అనుమతి గలవారికే అప్పగించాలి.

ఇక రోజువారీ జాగ్రత్తలు. రంపం ఆగిన వెంటనే మూత తెరవరాదు. తుంపర దిగడానికి కొన్ని నిమిషాలు ఆగాలి. నూనె తడిసిన గుడ్డను జేబులో పెట్టుకోరాదు. చేతులను కిరోసినుతో కాక సబ్బుతో కడుక్కోవాలి. పని బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతకరాదు.

శుభ్రపరచే కాలం ఎవరిది?

సోదరులారా, ఇంతవరకు చెప్పినది కొత్త విద్య ఏమీ కాదు. మన రైల్వే వర్క్‌షాపులలో లేతుల కూలెంటు నీటిలో కలిపే నూనె. సెలవు గడిచి సోమవారం ఉదయం తొట్టి మూత తీస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొట్టేది. సూక్ష్మజీవులు పెరిగాయని దాని అర్థం. తొట్టి కడగాలని మాకు అప్పుడే తెలుసు. మరి ఎందుకు కడగలేదు? కడిగే గంటను ఎవరూ పని గంటగా లెక్కించలేదు గనుక! ఉత్పత్తి లెక్కలో దానికి గడి లేదు. షిఫ్టు ముగిసిన తరువాత, అందరికంటె చిన్నవాడి మీద, చాలాసార్లు అప్రెంటిస్ మీద ఆ పని పడేది. మేమూ ఆ అప్రెంటిస్‌లమే. పెద్దవారమైన తరువాత ఆ పనిని మరొక అప్రెంటిస్‌కు అప్పగించినదీ మేమే. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాము గాని దాచుకోదలచలేదు.

సిలికోసిస్‌ను 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే తప్పక తెలియజేయవలసిన జబ్బుల పట్టికలో చేర్చింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన, 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లోనూ ఆ పట్టిక ఉన్నది. కాని విద్యుత్తుతో నడిచే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి వెనుక 10 మంది కార్మికులు చాలేవారు. ఇప్పుడు 20 మంది కావాలి. తండ్రీ కొడుకులిద్దరే పనిచేసే షెడ్డుకు ఇనస్పెక్టరు రాడు. అక్కడ యజమానీ మనవాడే, పనివాడూ మనవాడే. యాజమాన్యాన్ని నిలదీయడం నేర్చిన మనం, మనమే యాజమాన్యమైన చోట ఏమి చేస్తున్నామన్నదే ప్రశ్న.

ఆ సోదరుడు ఆ సాయంత్రం చాలాసేపు మాట్లాడలేదు. చివరకు చీపురును తానే షెడ్డు బయట పెట్టారు. ప్రతి నెలా చివరి శనివారం నుండి మూడు రోజులు కోత ఆపి, తొట్టి శుభ్రం చేయడానికి ఒప్పుకున్నారు. కుమారుని ఛాతీ పరీక్షకు తీసుకువెళ్ళారు.

శాఖలకు మా విజ్ఞప్తి మూడు మాటలలో. వర్క్‌షాపులలో కూలెంటు తొట్టి శుభ్రపరచే కాలాన్ని పని గంటలలో భాగంగా నమోదు చేయించండి. ఆ పని అప్రెంటిస్‌లకు అప్పగిస్తే ముందు నేర్పి, పక్కన నిలబడి చేయించండి. ఉద్యోగ విరమణ చేసి ఇటువంటి షెడ్డులు నడుపుతున్న సభ్యుల వివరాలు సేకరించి, ఒక్కసారైనా వెళ్ళి చూడండి. ఉత్తరాలు పంచే మన సోదరులకు ఏ ఇంటి వెనుక రంపం మోత వినిపిస్తుందో తెలియనిది కాదు.

వెళ్ళినప్పుడు ముందుగా బ్లేడును చూడకండి. తొట్టి మడ్డిని ఎక్కడ ఆరబెడుతున్నారో చూడండి.