ఐసు అద్దకం: రంగు కొనే ముందు అడగాల్సిన మాట

నేను పదో తరగతితో చదువు ఆపేశాను. మైకులో మాట్లాడ్డం అలవాటు లేదు. మా సంఘం పోగొట్టుకున్నట్టు మీరు డబ్బు పోగొట్టుకోకూడదని రెండు మాటలు చెప్తాను.

ఐసు అద్దకం చూడ్డానికి తేలికే. కొత్త కాటన్ బట్టని ఉతికి గంజి పోగొట్టాలి. లీటరు నీళ్లకి 60 గ్రాముల సోడా యాష్ కలిపి 20 నిమిషాలు నానబెట్టాలి. పిండి, టబ్బు మీద పెట్టిన ప్లాస్టిక్ జల్లెడలో ముడతలుగా సర్దాలి. దాని మీద ఐసు ముక్కలు, ఐసు మీద రంగు పొడి. ఐసు కరిగే కొద్దీ రంగు మెల్లగా కిందికి దిగుతుంది. ఊదా పొడి చల్లితే ఒకచోట నీలం, ఒకచోట గులాబీ విడిపోతాయి. ఏ రెండు చున్నీలూ ఒకేలా రావు. కొనేవాళ్లకి అదే ముచ్చట.

మేము సంఘం అప్పుతో మొదట 20 చున్నీలు వేశాం. అన్నీ అమ్ముడయ్యాయి. వారం తిరక్కుండా ఒకావిడ తెల్ల జాకెట్టు పట్టుకొచ్చింది. మా చున్నీతో కలిపి నానబెడితే ఎర్రగా అయిపోయింది. ఆమె వెనక ఇంకొందరు. అందరికీ డబ్బు తిరిగిచ్చాం. అప్పు వాయిదా ఆగదు కదా! కూలి డబ్బుల్లోంచి కట్టాం. ఇద్దరు సభ్యులు ఇక మాకొద్దన్నారు.

తప్పు మాదే. కొట్లో "ఎరుపు ఇవ్వండి, నీలం ఇవ్వండి" అన్నాం గానీ, ఏ రకం పొడి అని అడగలేదు. మేం తెచ్చింది డైరెక్టు రంగు. అది ఉప్పు వేసి వేడినీళ్లలో అద్దేది. ఐసులో గట్టిగా పట్టదు.

ఐసుతో కాటన్‌కి వేయాలంటే రియాక్టివ్ రంగు కావాలి. అందులోనూ కోల్డ్ బ్రాండ్, అంటే ఎమ్ రకం. ఇవి 1956లో ప్రొసియాన్ పేరుతో మొదలయ్యాయి. సోడా ఉంటే నూలు పోగుతోనే కలిసిపోతాయి. హాట్ బ్రాండ్, అంటే హెచ్ రకానికి వేడి కావాలి. యాసిడ్ రంగు పట్టుకీ ఉన్నికీ. పాలిస్టర్‌కి ఇవేవీ పట్టవు.

ఐసు కరిగిపోయినా తొందరపడకండి. పైన ప్లాస్టిక్ కాగితం కప్పి 24 గంటలు ఉంచండి. ముందు చన్నీళ్లతో, తర్వాత సబ్బు వేసి వేడినీళ్లతో, నీళ్లు తేటపడేదాకా ఉతకండి. అమ్మే ముందు తడి బట్టని తెల్లగుడ్డ మీద పెట్టి ఇస్త్రీ చేయండి. రంగు అంటితే మళ్లీ ఉతకాల్సిందే.

పొడి చల్లేటప్పుడు ఫ్యాను ఆపి, మాస్కు, గ్లౌజులు వేసుకోండి. పొడి పీలిస్తే ఆయాసం రావచ్చు. వంటగిన్నెలు అసలు వాడొద్దు.

ఇప్పుడు మేము కొన్న ప్రతి పొట్లం మీదా రకం పేరు రాసుకుంటున్నాం. మానేసిన ఇద్దరిలో ఒక అక్క తిరిగి వచ్చింది. ఇంకో అక్క కోసం చూస్తున్నాం. నాలుగైదు సంఘాలం కలిసి రంగు కొనుక్కునేలా సమాఖ్య తీర్మానం చేయాలని కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.