గాలి బరువు, నేల ఎత్తు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠము)



బరంపురంలో పెరిగిన మనకు వాయుగుండం అన్న మాట కొత్తది కాదు. 1999 అక్టోబరు 29న పారాదీప్ సమీపమున తీరం దాటిన పెనుతుఫాను కేంద్రంలో వాతావరణ పీడనం 912 మిల్లీబార్లకు దిగినదని వాతావరణ శాఖ అంచనా. సముద్రమట్టమున సగటు పీడనం 1013. ఆ తుఫానులో సుమారు పదివేల మంది అసువులు బాసినారు.

ఇక్కడొక వింత ఉన్నది. మన కొరాపుట్ పట్టణంలో ఆకు కదలని రోజున సైతం భారమితి చూపు పీడనం ఇంచుమించు అంతే! అయినను అచ్చటి మన బంధువులు నిశ్చింతగా ఉన్నారు. కారణమేమి?

గాలికి బరువున్నది. పైకి పోయిన కొలది మన తలపైనుండు గాలి తరుగును, పీడనమూ తగ్గును. 1648లో పాస్కల్ కోరికపై ఆయన బావగారు పెరియే ఫ్రాన్సులో ప్యూయ్ ద దోమ్ పర్వతమెక్కి చూడగా, భారమితిలో పాదరసం మూడు అంగుళాలకు పైగా దిగినది. సముద్రమట్టమునకు చేరువలో ఎనిమిది, తొమ్మిది మీటర్ల ఎత్తుకు ఒక మిల్లీబారు చొప్పున తగ్గును. కొరాపుట్ ఎత్తు సుమారు 870 మీటర్లు. కనుక వంద మిల్లీబార్ల తగ్గుదల. అందుచేతనే అక్కడ నీరు 97 డిగ్రీలకే మరుగును.

ఎత్తు వలన కలుగు తగ్గుదలను గాలి బరువే సరితూచును. దాని వలన పెనుగాలి పుట్టదు. ఒకే మట్టమున, ఇరుగుపొరుగు తావుల నడుమ పీడనం వేరైనపుడే గాలి పరుగిడును. కావున వాతావరణ పటం గీయునపుడు ప్రతి ఊరి కొలతకు ఆ ఊరి ఎత్తుకు తగిన గాలి బరువును కలిపి, సముద్రమట్టమునకు సరిచేయుదురు. లేనిచో పటంలో ప్రతి కొండ ఊరూ తుఫానుగానే కనిపించును!

ఇట్టి సవరణలు చేసిన కొలతలు కూడ తుఫాను హెచ్చరికలకు ఆధారములు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మన గోపాలపూర్ వద్దనే తీరం దాటినది. ముందుగా హెచ్చరించి లక్షలాది జనులను తరలించినందున మృతుల సంఖ్య పదులలోనే ఆగినది.

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపము ఒక్కటే. పీడనపు అంకెను పిల్లలచేత వల్లె వేయించి విడువక, అది ఏ ఎత్తున కొలిచినదో అడుగుట నేర్పండి. తల్లిదండ్రులారా, పిల్లల మార్కులు చూచునపుడు మీరును ఆ ప్రశ్న మరువకండి. ఏ ఇంటినుండి, ఏ వసతులతో బయలుదేరి ఆ బిడ్డ అంతవరకు వచ్చినదో తెలిసిన పిమ్మటనే పోల్చండి.

సెలవు.