మారు అమ్మకపు కారుకు ఏ ఇంజను?



మోటారుకార్లను గూర్చి ముచ్చటించుటకు పెన్‌పహాడ్ మనిషి యేల రావలెనని తమలో కొందరికి తోచవచ్చును. మాది వరిపొలముల సీమ. మా మాటలన్నియు కాలువ నీటిచుట్టును, వడ్ల ధరచుట్టును తిరుగుచుండును. కాని యిటీవల మన పల్లెల యువకులలో కొందరు మూలబడిన పాత కార్లను కొని, బాగుచేయించి, లాభమునకు అమ్మజూచుచున్నారు. అందుకు కావలసిన పెట్టుబడి తండ్రి వడ్ల పైకమునుండియో, తల్లి నగల కుదువనుండియో వచ్చుచున్నది. కావున దీనిని కుర్రవాండ్ర వినోదమని త్రోసిపుచ్చుటకు వీలులేదు. ఇంటిపెద్ద కూర్చుండి తీర్పు చెప్పవలసిన సంగతి. కారంతటిలోను తీర్పు తప్పిన యెడల సొమ్మును నిలువున మ్రింగునది ఇంజను. దానిని గూర్చియే నాకు తెలిసినంత మనవి చేసెదను.

మా బంధువుల కుర్రవాడొకడు మిర్యాలగూడ వైపున నొక బియ్యపు మిల్లు వెనుక, రేకుల క్రింద పడియున్న కాంటెస్సా కారును కొనెను. 1986లో రిజిస్టరు అయిన బండి. పైరేకు బాగుగనే యున్నది గాని ఇంజను బిగిసిపోయినది. వాని తండ్రి రెండు పంటల మిగులును వాని చేతిలో పెట్టియుండెను. వాడు నాయొద్దకు వచ్చి, "తాతా, దీనికి పెద్ద ఇంజను ఏస్తే మంచి ధర వస్తది గదా! ఇసుజుదో, డీజిలుదో తెచ్చి ఎక్కిద్దమనుకుంటున్న. నువ్వేమంటవు?" అని అడిగెను.

ఈ కాంటెస్సా కథ కొంత తెలిసికొనదగినది. కలకత్తా చేరువనున్న ఉత్తరపారలో అంబాసిడరును తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్ వారే, ఇంగ్లండులో వాక్స్‌హాల్ కంపెనీ 1970వ దశకములో చేసిన కారు అచ్చును తెచ్చి, 1984లో దీనిని విపణిలో దింపిరి. శరీరము పెద్దది, ముక్కు పొడుగు, నడక గంభీరము. కాని దాని కడుపులో పెట్టినది అంబాసిడరులోని 1489 సి.సి. పెట్రోలు ఇంజనే. ఏబది గుర్రముల బలము మాత్రమే గలది. ఏనుగునకు మేకగుండె పెట్టినట్లయినది. కొన్నవారు గొణుగుటయు, కంపెనీవారు వినుటయు జరిగి, తరువాత జపానుదేశపు ఇసుజు వారి 1.8 లీటర్ల పెట్రోలు ఇంజనును, ఐదు గేర్ల పెట్టెతో కూడ అమర్చిరి. అది ఎనుబదికి పైచిలుకు గుర్రముల బలము గలది. నేడు కాంటెస్సా అనగానే జనుల మనసున మెదలునది ఆ రెండవ అవతారమే. ఆ పిమ్మట ఇసుజు వారిదే రెండు లీటర్ల డీజిలు ఇంజనుతోను వచ్చినది. 2002తో ఈ కారు తయారీ నిలిచిపోయెను.

దీనిని మనవారు భారతదేశపు కండల కారని పిలుచుచున్నారు. ఆ పేరు అమెరికానుండి వచ్చినది. అచ్చట పాంటియాక్ కంపెనీవారు 1964 నమూనాగా, నడితరపు కారులో పెద్దకారు ఇంజనును దించి జి.టి.ఓ. అను బండిని అమ్మిరి. దాని ఇంజను ఆరు లీటర్లకు పైబడినది. బలము మూడువందల గుర్రములు దాటినది. దాని ప్రక్కన మన కాంటెస్సాను నిలిపి కండల కారనుట నాకు నవ్వు పుట్టించును గాని, మోజునకు కొలత లేదు గదా. ఆ దేశపు వర్తకమునుండి మనము గ్రహింపవలసినది మరియొకటి గలదు. 1960వ దశకము చివరనుండి జనరల్ మోటార్స్ వంటి కంపెనీలు కారు సంఖ్యలో కొంత భాగమును ఇంజను మీదను చెక్కుచుండిరి. నేడు అచ్చట పాతకారు కొనువాడు మొట్టమొదట వంగి చూచునది ఆ అంకెలనే. రెండును సరిపోయినచో ధర ఎక్కును. సరిపోనిచో, దానికన్న బలమైన ఇంజను ఉన్నను, బేరము దిగును.

మన దేశమున ఆ అంకెల బలము ఇంకను ఎక్కువ. ఏలయనగా ఇచ్చట అది చట్టములోనే యున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 52వ సెక్షను ప్రకారము, తయారీదారు మొదట నిర్ణయించిన వివరములకు రిజిస్ట్రేషను పత్రములోని వివరములు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టువారును ఈ సంగతినే గట్టిగా చెప్పిరి. అదే తయారీ, అదే రకము ఇంజనును మార్చుకొనవలెనన్నను అధికారి అనుమతి కావలయును. 1489 సి.సి.తో పుట్టిన బండిలో 1.8 లీటర్లది పెట్టినచో ఇంజను సంఖ్యయేగాక కొలతయు మారిపోవును. సొంతకారుకు పదునైదేండ్లు నిండిన పిమ్మట రిజిస్ట్రేషనును తిరిగి చేయించి, ఐదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. దానికై బండిని అధికారికి చూపవలెను. పత్రములో నొకటి, బండిలో నొకటి యున్నచో అక్కడనే బండి ఆగును. అట్టి బండిని కొనువాడెవ్వడు? కొన్నను పాత ఇనుము ధరకే కొనును.

మన బావుల మీది ఆయిలింజన్లను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మోట తోలిన దినములు పోయి ఆయిలింజన్లు వచ్చినవి. కరెంటు మోటార్లు వచ్చిన తరువాత అవియు అమ్మకమునకు వచ్చినవి. కిర్లోస్కర్ ఐదు గుర్రముల ఇంజను చెట్టుక్రింద పెట్టిన వారములో పోయెడిది. సూర్యాపేటకు పోయిన దానికి రింగు, వాషరు, నాజిలు దొరకునని కొనువానికి ధైర్యము. ఊరుపేరులేని ఇంజను దానికన్న బలమైనదే యైనను, తుప్పుపట్టువరకు అక్కడనే యుండెడిది. సొంతమునకు కొనునప్పుడు మన ఇష్టము చూచుకొనవచ్చును. అమ్ముటకు కొనునప్పుడు రేపటి మనిషి భయములన్నియు ఈనాడే మనము పడవలెను.

ఈ కొలబద్దతో చూచినచో డీజిలు మాట వెంటనే కొట్టుపోవును. ఇంధనమే మారినప్పుడు పత్రమునకు పొత్తు కుదరదు. పైగా ముచ్చటకై పాతకారు కొనువానికి ఆ దడదడ ధ్వని రుచింపదు. ఇసుజు పెట్రోలు ఇంజను సంగతి అట్లు కాదు. అది మంచి యంత్రము. దానినే 1990వ దశకములో అంబాసిడరుకును పెట్టిరి. ఆ అంబాసిడర్లు 2014లో తయారీ ఆగువరకు టాక్సీలుగా తిరిగినవి. కావున దాని పని తెలిసిన మెకానిక్కులు గలరు. కారు ఇసుజుతోనే పుట్టినదైనచో నేను మారుమాట లేక దానినే బాగుచేయుమందును. కాని మా కుర్రవాని బండి దానితో పుట్టలేదు. ఇంజను తెచ్చిన సరిపోదు. గేరుపెట్టె, దాని క్రింది మౌంటింగులు, ప్రొపెల్లరు షాఫ్టు, రేడియేటరు, సైలెన్సరు గొట్టము, అన్నియు వెంటరావలెను. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ యగును. బలము హెచ్చినప్పుడు బ్రేకులును సరిచూడవలెను. ఆ ఖర్చు ఎవ్వరును ముందుగా లెక్కవేయరు.

లెక్క తెలియుటకై కొన్ని అంకెలు వేసి వానికి చూపితిని. పుట్టు ఇంజనును బాగుచేయుటకు ఎనుబదివేలనుకొందము. మార్పిడికి రెండు లక్షలనుకొందము. మార్పిడి చేసిన బండికి లక్షా యిరువదివేలు ఎక్కువ వచ్చినప్పుడుగదా అసలు దక్కుట! పత్రము సరిపోని బండికి ఆ యెక్కువ ఇచ్చువాడు దొరకడు. అటుపై మరియొక సంగతి. 2021 జులైలో కేంద్రప్రభుత్వము వారు పురాతన వాహనములకై నియమములు చేసిరి. మొదటి రిజిస్ట్రేషనునుండి ఏబదియేండ్లు నిండి, చాసిస్‌లోను, శరీరములోను, ఇంజనులోను పెద్ద మార్పులు పొందని బండికి ఆ గౌరవపు రిజిస్ట్రేషను లభించును. ఈ బండికి 2036లో ఏబదియేండ్లు నిండును. దాచుకొనుటకై కొనువాడు ఆ సంవత్సరమును మనసులో పెట్టుకొనియే బేరమాడును. పుట్టు ఇంజనును ఈనాడు ఇనుము కొట్టునకు తూచి ఇచ్చితిమా, ఆ గిరాకీ పోయినట్లే.

అందుచే 1489 సి.సి. ఇంజనునే బ్రతికింపుమంటిని. అది బలహీనమే, ఎక్కుడు రోడ్డున ఆయాసపడును, ఆ మాట కొనువానికి దాచకుండ చెప్పవలెను. కాని పోతఇనుముతో చేసిన మొరటు యంత్రము, అంబాసిడరు ఎరిగిన ప్రతి మెకానిక్కునకు దాని పని వచ్చును. బిగిసిన ఇంజనును త్రాడుకట్టి లాగి స్టార్టు చేయ జూడరాదు, కడ్డీలు వంగును. స్పార్కు ప్లగ్గులు తీసి, సిలిండర్లలో నూనె పోసి, కొన్నిదినములు నాననిచ్చి, చేతితో మెల్లగ త్రిప్పవలెను. తిరిగినచో హెడ్డు విప్పి, బ్లాకునకు పగులున్నదేమో చూడవలెను. సిలిండరు వ్యాసము పుట్టుకలో 73 మిల్లీమీటర్లు. అరిగినచో బోరు చేయించి పెద్ద పిస్టన్లు వేయవచ్చును, అదియు మించినచో స్లీవులు దిగగొట్టవచ్చును. బ్లాకే పగిలినచో అప్పుడు అదే రకపు మరియొక ఇంజనును, అనుమతిపొంది వేయవలెను. ఒక్క హెచ్చరిక: తుప్పు గీకునప్పుడును, రంగు వేయునప్పుడును ఇంజను సంఖ్య అంకెల మీద గరుకు కాగితము తగులనీయరాదు. అంకెలు చెరిగిన ఇంజను దొంగసొత్తు వలె కనబడును. నిజము చెప్పినను నమ్మువారుండరు.

మా వాని ఇంజను పదునొకండవ దినమున కదలినది. బ్లాకు పగులలేదు. సూర్యాపేటలో లేతుపని చేయించి, దొరకని చిన్న సామానులకై విజయవాడ ఆటోనగరునకు పోయివచ్చినాడు.

ఇక కాగితముల మాట. ఇట్టి బండ్లు కొనువారు పలువురు పాత యజమాని పేరుననే పత్రమునుంచి, బాగుచేసి, నేరుగా మూడవవానికి అమ్మివేయుదురు. ఒక మార్పిడి రుసుము మిగులునని వారి ఆశ. మా వానిని నేనట్లు చేయనీయలేదు. ఒక రాష్ట్రములోనే బేరము జరిగినప్పుడు అమ్మినవాడు పదునాలుగు దినములలోను, కొన్నవాడు ముప్పది దినములలోను రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెనని చట్టము. మిల్లు యజమాని వృద్ధుడు. ఆయన సంతకము ఈనాడు దొరకినట్లు వచ్చే సంవత్సరము దొరకునని చెప్పలేము. పేరు మారువరకు ఆ బండి రోడ్డుమీద చేసిన ప్రతి తప్పునకు నోటీసు ఆయన ఇంటికే పోవుచుండును.