బండి బ్యాటరీ మన బాధ్యతే
(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



స్కూటరు బ్యాటరీ గురించి ఆడవాళ్ళ కార్యక్రమంలో మాట్లాడడమేమిటి అని మీలో కొందరికి అనిపించవచ్చు. పిల్లల్ని బడి దగ్గర దింపేది మనం. రైతుబజారు నుంచి కూరల సంచి తెచ్చుకునేది మనం. ఇంటికొచ్చి బండికి ఛార్జింగు పెట్టేదీ మనమే. మరి దాని మంచిచెడ్డలు మనకు తెలియకపోతే ఎలా చెప్పండి?

మా ఇంట్లో కరెంటు స్కూటరుంది. గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న రకం. కొన్న కొత్తలో ఒకసారి ఛార్జి చేస్తే 40 కిలోమీటర్లు తిరిగేది. రెండేళ్ళు గడిచేసరికి 15కు దిగింది. ఒకనాడు పిల్లను వెనక కూర్చోబెట్టుకుని వస్తుంటే ఫ్లైఓవరు మధ్యలో ఆగిపోయింది. ఎండలో తోసుకుంటూ ఇల్లు చేరాను.

తప్పు కొంత నాదే లెండి. వేసవి సెలవులకు పుట్టింటికి వెళుతూ, ఛార్జి అయిపోయిన బండిని నెల పైగా అలాగే వదిలేశాను. అందులో ఉన్నవి ఇన్వర్టరులో ఉండేలాంటి సీసం బ్యాటరీలు, 12 వోల్టులవి 4. వాటిని ఖాళీగా వదిలేస్తే లోపలి పలకల మీద పొర గట్టిపడిపోతుంది. ఆ తరువాత ఎంతసేపు ఛార్జి పెట్టినా పూర్తిగా ఎక్కదు.

పక్కింటి పిన్నిగారు ఒక కొట్టు చెప్పారు. అక్కడి కుర్రవాడు లిథియం బ్యాటరీలు తనే కడతాడట, కంపెనీ ధరలో సగానికే ఇస్తాడట. సరే చూద్దామని వెళ్ళాను. బల్ల నిండా టార్చిలైటు సెల్స్ లాంటివి పరిచి ఉన్నాయి. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు. అందుకే వాటిని 18650 అంటారు. ఒక్కొక్కటి నిండా ఛార్జి అయితే 4.2 వోల్టులు. కొన్నింటిని పక్కపక్కన జతచేసి ఒక గుంపు, అలాంటి 13 గుంపులు వరుసగా కలిపితే 48 వోల్టుల బ్యాటరీ. సన్నని నికెల్ రేకులతో అతికి, పైన బి.ఎం.ఎస్. అనే చిన్న సర్క్యూటు బిగిస్తారు. ఏ గుంపు ఎక్కువ నిండినా, మరీ ఖాళీ అయినా అది కరెంటు ఆపేస్తుంది. కాపలాదారు అన్నమాట.

"ఈ సెల్స్ ఎక్కడివి బాబూ?" అనడిగాను.

"పాత లాప్‌టాపుల్లోవమ్మా. మంచివే ఏరి వేస్తాను" అన్నాడు.

తడి గరిటె ఒక్కటి పెడితే ఆవకాయ జాడీ అంతా ఏమవుతుందో మనకు తెలుసు కదా! ఇదీ అంతే. నీరసించిన సెల్స్ గుంపు అన్నిటికంటే ముందు ఖాళీ అవుతుంది, ముందు నిండుతుంది. నలిగేదీ వేడెక్కేదీ అదే.

"మరి ఛార్జరో?" అన్నాను.

"మీ పాతదే సరిపోతుందమ్మా."

అక్కడ నాకు అనుమానం వచ్చింది. 13ను 4.2తో గుణిస్తే 54.6. ఆ బ్యాటరీకి అదే హద్దు. సీసం బ్యాటరీల ఛార్జరేమో 58, 59 వోల్టుల దాకా పోతుంది. "బి.ఎం.ఎస్. ఉందిగా, ఆపేస్తుంది" అన్నాడు. కాపలావాడున్నాడని రోజూ తలుపులు బార్లా తీసి పడుకుంటామా? మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాను.

మావారు "సగం ధరకు వస్తుంటే వదిలావా!" అన్నారు. 2022 ఏప్రిల్ సంగతి గుర్తుచేశాను. విజయవాడలో పడకగదిలో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఇంటాయన చనిపోయాడు. భార్యాపిల్లలు గాయపడ్డారు. అదే నెలలో నిజామాబాదులో ఇంట్లో ఛార్జి అవుతున్న బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు పోయాడు. "అవి కంపెనీ బ్యాటరీలేగా?" అన్నారాయన. నిజమే. అందుకే అడిగి కొనాలి, కొన్నాకా జాగ్రత్తగా ఉండాలి అన్నాను.

ఆ ప్రమాదాల తరువాత ప్రభుత్వం ఎ.ఐ.ఎస్. 156 అనే పరీక్షలను కఠినం చేసి, 2022 డిసెంబరులోను 2023 మార్చిలోను రెండు దశల్లో అమలుకు తెచ్చింది. చిన్నరకం బండి అయినా సరే, బ్యాటరీకి ఆ పరీక్ష అయిందా అని అడగండి. వీధి కొట్లో తిరిగి కట్టిన బ్యాటరీని ఎవరూ అలా పరీక్షించరు.

ఇక ఎంపిక. లిథియంలో ముఖ్యంగా రెండు రకాలు. నికెల్, మాంగనీసు, కోబాల్టు కలిసినది తేలిక, కాని వేడికి త్వరగా లొంగుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ కాస్త బరువు, కాని వేడికి ఎక్కువ తట్టుకుంటుంది, ఎక్కువకాలం మన్నుతుంది. మన ఎండలకు నేను రెండోదాన్నే ఎంచుకున్నాను. దూరం లెక్క కూడా మనమే వేసుకోవచ్చు. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు. 48ని 24తో గుణిస్తే 1152. మా బండిలాంటిదానికి కిలోమీటరుకు సుమారు 25 ఖర్చు. అంటే సుమారు 46 కిలోమీటర్లు. ఆ బ్యాటరీతోనే 100 పోతుందంటే నమ్మకండి.

రిపేరు అసలు పనికిరాదని కాదు. ఛార్జింగు సాకెట్టు, ఫ్యూజు, వదులైన వైరు లాంటివి తెలిసిన మెకానిక్కు చేత బాగుచేయించుకోవచ్చు. సీసం బ్యాటరీలైతే నాలుగింటినీ లోడు పెట్టి విడివిడిగా కొలవమనండి. మావాటిలో మూడు నిలబడ్డాయి, ఒకటి 10 వోల్టుల కిందికి జారిపోయింది. పాత మూడింటి మధ్య కొత్తది ఒక్కటి పెడితే అదీ త్వరగా పోతుందన్నాడు మెకానిక్కు. పాతవి సీసం ధరకు ఇచ్చేసి, బండి కంపెనీవారి లిథియం బ్యాటరీని దాని ఛార్జరుతో సహా తీసుకున్నాను. ఉబ్బిన, నీళ్ళలో మునిగిన, ఊరికే వేడెక్కే లిథియం బ్యాటరీని మాత్రం విప్పించవద్దు, ఇంట్లో దాచవద్దు. చెత్తబుట్టలో అసలే వేయవద్దు. 2022 నియమాల ప్రకారం పాత బ్యాటరీలను తిరిగి తీసుకునే బాధ్యత తయారుచేసినవారిదే.

ఇప్పుడు మా ఇంటి పద్ధతి చెబుతాను. బండి తిరిగొచ్చాక అరగంట చల్లారనిస్తాం. పడకగదిలో, గుమ్మం దగ్గర, మెట్ల కింద ఛార్జింగు పెట్టం. మంటొస్తే బయటికి పోయే దారి అదే కదా! దాని ఛార్జరు తప్ప వేరేది వాడం. అందరం నిద్రపోయాక ఛార్జింగులో ఉంచం. పొగ కనిపిస్తే బ్యాటరీని ఎత్తి బయట పడేసే ప్రయత్నం చేయవద్దు. ఆ పొగ విషం. పిల్లల్ని, పెద్దవాళ్ళని తీసుకుని బయటికి నడిచి, 101కి ఫోను చేయండి.

గ్యాసు పొయ్యి వచ్చిన కొత్తలో మన అమ్మమ్మలు భయపడ్డారు. తరువాత రెగ్యులేటరు కట్టేసి పడుకోవడం నేర్చుకున్నారు. ఇదీ అలాంటిదే. భయం అక్కరలేదు, అశ్రద్ధ కూడదు. అన్నట్టు, మావారిప్పుడు రాత్రి పడుకోబోయే ముందు గ్యాసుతో పాటు ఛార్జరు స్విచ్చి కూడా చూసి వస్తున్నారు.