చేపల కుంట నీరు కసువు మడికి

(వడమాలపేటలో పాల సంఘాల సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



వేసవి వస్తే మన ప్రాంతంలో ముందుగా నీరసించేది బోరు. నీరు తగ్గితే పచ్చికసువు తగ్గుతుంది. కసువు తగ్గితే మరునాడే పాల కొలతలో తెలుస్తుంది. కాబట్టి తోడిన నీటికి రెండు పనులు చెప్పవలసిన రోజులివి. కుంటలో చేపలు పెంచే సభ్యులకు ఆ అవకాశం చేతిలోనే ఉన్నది. నీరు మార్చేటప్పుడు పాత నీటిని వంకలోకి వదలక కసువు మడికి పారించవచ్చును.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలకు వేసిన మేతలోని నత్రజనిలో చాలా భాగం మరల నీటిలోనే కలుస్తుంది. భాస్వరం ఎక్కువగా అడుగు బురదలో చేరుతుంది. అయితే ఎరువంతా ఈ నీటితోనే తీరుతుందని అనుకోరాదు. లెక్క చూడండి. ఎకరాకు 2 అంగుళాల తడి అంటే సుమారు 2 లక్షల లీటర్లు. లీటరుకు 5 మిల్లీగ్రాముల నత్రజని ఉంటే మొత్తం 1 కిలో. అది సుమారు 2 కిలోల యూరియాకు సమానం, అంతే. అసలు లాభం నీటిదే. కుంట ఎండినపుడు తీసిన బురద రెండవ లాభం. దానిని ఆరబెట్టి పేడ ఎరువుతో పాటు పొలానికి తోలుకోవచ్చును.

ఇది కొత్త మాట కాదు. ఇజ్రాయెల్‌లో సాగునీటి జలాశయాలలోనే చేపలు పెంచి, ఆ నీటినే పంటలకు వాడినారు. మన కోస్తాలో కొల్లేరు చుట్టూ చేపల చెరువుల నీటిని కాలువల్లోకి వదిలినారు. సరస్సు చెడిపోవడానికి అదీ ఒక కారణమైంది. సరస్సును ఆక్రమించిన చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం తెంపించింది.

ఇక జాగ్రత్తలు:

1. రొయ్యల చెరువు ఉప్పునీరు పొలానికి వద్దు. చేపల కుంట నీటిని కూడా ముందు పరీక్ష చేయించండి. విద్యుత్ వాహకత మీటరుకు 0.7 డెసీసీమెన్స్ లోపు ఉంటే భయం లేదు, 3 దాటితే పారించరాదు.

2. చేపలకు మందు వేసిన రోజులలో ఆ నీటిని మడికి కట్టరాదు.

3. పశుగ్రాస జొన్నకు ఈ నీరు పారిస్తే యూరియా ఆ మేరకు తగ్గించండి. నత్రజని ఎక్కువై, పైరు బెట్టకు వాడితే ఆ చొప్ప పశువుకు విషమవుతుంది. పూత రాకముందు జొన్న మేపవద్దు. నేపియర్, పారా గడ్డి ఈ నీటికి అనువైనవి.

4. పచ్చని పాచి కట్టిన కుంట నీటిని పశువులకు తాపరాదు.

5. నీటిని కాలువల్లో పారించండి, ఆకుల మీద చల్లవద్దు. తడి ఆరిన తరువాతే కసువు కోయండి. తీసినంత నీరు మరల కుంటకు నింపకపోతే చేపలకు ఊపిరాడదు.

ముందు ఒక్క కయ్యలో చేసి చూడండి. పక్క కయ్యకు బోరు నీరే కట్టి, రెండింటి కోతను తూచండి. మంచి చెడ్డ తేలిన తరువాత మిగతా పొలానికి పోవచ్చును. ఆ లెక్కను సంఘం సమావేశంలో నలుగురికీ చెప్పండి. సెలవు.