క్వారంటైన్ కిరాయి ఎవరు కట్టాలి?

(2021 డిసెంబర్ 18, అంతర్జాతీయ వలసదారుల దినోత్సవం నాడు గల్ఫ్ ప్రవాసులు, వారి కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాట్లాడవలసిందిగా నిర్వాహకులు కోరినప్పుడు, వైద్యం గురించి మాట్లాడాలా, హక్కుల గురించి మాట్లాడాలా అని మేము అడిగాం. వైద్యం గురించి చెప్పే అర్హత మాకు లేదు. గత ఏడాదిన్నరగా మేము నలుగురం మసీదు పక్క గదిలో ఒక పాత కంప్యూటరు, ఒక ప్రింటరు పెట్టుకొని, గల్ఫ్‌కు తిరిగి వెళ్లవలసినవారికీ, అక్కడ చిక్కుకుపోయినవారి ఇళ్లవారికీ ఫారాలు నింపిపెడుతున్నాం. ఆ బల్ల ముందు కూర్చున్నవారు చెప్పిన మాటలే ఈ రోజు మీ ముందుంచుతున్నాం.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. క్వారంటైన్‌కు గానీ, టీకాకు గానీ మేము వ్యతిరేకులం కాము. అంటువ్యాధి సోకిన ప్రాంతంలోకి వెళ్లవద్దనీ, మీరున్న చోటే అది పుడితే అక్కడి నుంచి బయటికి రావద్దనీ దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించిన విషయం మనకు తెలిసినదే. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో సర్గ్ అనే చోటికి చేరినప్పుడు ముందు ప్లేగు ఉన్నదని తెలిసి, సహచరులతో సంప్రదించి, సైన్యంతో సహా మదీనాకు మరలిపోయారు. దైవనిర్ణయం నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగినప్పుడు ఆయన ఇచ్చిన సమాధానం కూడా మీరెరిగినదే. కనుక ప్రయాణాన్ని ఆపుకోవడం, విడిగా ఉండడం మనకు కొత్త కాదు. మా ముందు కూర్చున్న ప్రవాసులలో నూటికి తొంభై మంది నియమాలను తప్పుపట్టలేదు. రేపు ఏ నియమం ఉంటుందో తెలియకపోవడాన్నీ, దాని ఖర్చు తమ నెత్తిన పడడాన్నీ తప్పుపట్టారు.

అభిప్రాయాలు ఒకే తీరుగా లేవన్నది కూడా నిజాయితీగా చెప్పాలి. రియాద్‌లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే ఒక యువకుడు, గదిలో పన్నెండు మందిమి పడుకుంటాం, నన్ను ఏడు రోజులు ఒంటరిగా పెడితే నాకే మేలు అన్నాడు. మరొకరు టీకాపై వచ్చిన వాట్సాప్ వదంతులన్నీ నమ్మి, ఆరు నెలలు వేయించుకోకుండా తిరిగి, కఫీల్ నుంచి ఫోను వచ్చిన రోజు పరుగెత్తుకొచ్చారు. వదంతుల విషయంలో మన పెద్దలు ఇంకా ముందుగా, ఇంకా గట్టిగా మాట్లాడి ఉండవలసింది. ఈ మాట అనడానికి మాకు సంకోచం లేదు.

క్వారంటైన్ ఖర్చును యాత్రికుడి చేతనే కట్టించడం ఈనాటి ఆచారం కాదు. 1865లో హజ్ కాలంలో వ్యాపించిన కలరా ఈజిప్టు మీదుగా యూరప్ చేరింది. మరుసటి సంవత్సరం కాన్‌స్టాంటినోపుల్‌లో అంతర్జాతీయ ఆరోగ్య సదస్సు జరిగింది. ఆ తరువాత 1882లో ఎర్రసముద్రంలోని కమరాన్ దీవిలో ఉస్మానియా ప్రభుత్వం క్వారంటైన్ కేంద్రాన్ని నెలకొల్పింది. బొంబాయిలో ఓడ ఎక్కిన మన దేశపు యాత్రికులు ఆ ఎండిన దీవిలో రోజుల తరబడి ఆగి, సామాను ఆవిరి యంత్రాలకు అప్పగించి, రుసుము చెల్లించి, ఆపైనే జిద్దాకు సాగేవారు. మన తాతముత్తాతలు హజ్ కోసం దాచుకున్న డబ్బులో కొంత అట్లా కమరాన్‌లో పోయింది. మనవళ్ల డబ్బు విమానాశ్రయం పక్క హోటళ్లలో పోతున్నది.

2020 మార్చిలో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. ఏప్రిల్‌లో కువైట్ ప్రభుత్వం వీసా గడువు దాటినవారికి క్షమాభిక్ష ప్రకటించింది. కడప, రాయచోటి, రాజంపేట, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవారు, ఒంటెలు కాసేవారు, డ్రైవర్లు పేర్లు నమోదు చేయించుకొని శిబిరాలకు చేరారు. అయితే దిగడానికి మన దేశంలో తలుపు తెరుచుకోలేదు. మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యేవరకు, ఆ తరువాత కూడా తమ వంతు వచ్చేవరకు, వారు శిబిరాలలోనే ఉన్నారు. వందే భారత్ టికెట్టు ఉచితం కాదు. దిగిన తరువాత సొంత ఖర్చుతో 14 రోజుల క్వారంటైన్. మే నెలాఖరులో దానిని 7 రోజులు సొంత ఖర్చుతో బయట, 7 రోజులు ఇంట్లో అని మార్చారు. ఉద్యోగం పోయి, ఆఖరి మూడు నెలల జీతం అందక తిరిగివచ్చినవాడిని దిగీదిగగానే, ఏ ధర హోటలు కావాలని అడిగారు.

కేరళలో కూడా ప్రవాసులే ఖర్చు భరించాలని ఆ మే నెలలో ప్రకటించారు. అక్కడి ప్రవాస సంఘాలు, ప్రతిపక్షాలు అభ్యంతరం చెప్పగానే, పేదల నుంచి వసూలు చేయబోమని ముఖ్యమంత్రి వివరణ ఇచ్చారు. మన వైపు కొన్నిచోట్ల స్థానిక అధికారులు దయతలచి ఉచిత గదులు చూపించిన మాట వాస్తవం. వారికి కృతజ్ఞతలు. కాని దయతలచిన అధికారి ఉన్న చోట ఒక రీతి, లేని చోట మరొక రీతి జరిగింది.

ఇక్కడ చట్టం ఏమంటున్నదో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు, 2005కు మన దేశం కట్టుబడి ఉన్నది. వాటి 40వ అధికరణం ప్రకారం, ప్రజారోగ్య రక్షణ కోసం ప్రయాణికుడిని ఐసోలేషన్‌లో గానీ, క్వారంటైన్‌లో గానీ ఉంచినందుకు ఆ దేశం అతని నుంచి రుసుము తీసుకోరాదు. అయితే ఆ వాక్యంలోనే ఒక మినహాయింపు ఉన్నది: తాత్కాలిక లేదా శాశ్వత నివాసం కోరి వచ్చేవారికి ఇది వర్తించదు. అంటే పర్యాటకుడికి రక్షణ ఉన్నది, పనికోసం వెళ్లే కూలీకి లేదు. ఈ నిబంధన రాసినవారి మనసులో ఏమున్నదో గాని, ఆ మినహాయింపు నేరుగా మన మీదనే వచ్చి పడింది. గల్ఫ్ దేశాలు మన కార్మికుల వద్ద హోటలు డబ్బు వసూలు చేయడానికి ఆ ఆధారం ఉన్నదనుకుందాం. సొంత దేశానికి తిరిగివచ్చే పౌరుడి మాటేమిటి? అతడు నివాసం కోరి రావడం లేదు, తన ఇంటికి వస్తున్నాడు. అతనికి ఈ మినహాయింపు వర్తించదన్నది మా అవగాహన. న్యాయవాద మిత్రులు దీనిపై దృష్టి పెట్టాలని కోరుతున్నాం.

అవే నిబంధనల 32వ అధికరణం ఇంకా ముఖ్యమైనది. ప్రయాణికులను గౌరవంగా చూడాలనీ, స్త్రీపురుష భేదాన్నీ, సామాజిక, సాంస్కృతిక, మతపరమైన అవసరాలనూ దృష్టిలో పెట్టుకోవాలనీ, తగిన ఆహారం, నీరు, వసతి సమకూర్చాలనీ అది చెబుతుంది. కువైట్ నుంచి వచ్చిన ఒక సోదరి తన క్వారంటైన్ గురించి మాకు చెప్పింది. గది తలుపుకు లోపలి గడియ లేదు. భోజనం తెచ్చే మగవారు తట్టకుండానే తోసుకొని వచ్చేవారు. ఆమె 7 రోజులూ బుర్ఖా తీయకుండా, కుర్చీని తలుపుకు అడ్డం పెట్టుకొని పడుకున్నది. మాంసం హలాలో కాదో అడిగితే, ఇష్టమైతే తిను, లేకపోతే మానెయ్ అన్నారు. పెరుగన్నంతో గడిపింది. ఆ చోటు పేరు చెప్పవద్దని ఆమే కోరింది. ఒక గడియ బిగించడానికి ఎంతవుతుంది?

అప్పటి వాతావరణాన్ని కూడా మరచిపోలేం. మర్కజ్ పేరుతో ఒక మతాన్నే వ్యాధికి మారుపేరు చేసిన వారాలు అవి. విదేశీ తబ్లీగీలను బలిపశువులను చేశారని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ 2020 ఆగస్టు 21న అభిప్రాయపడి, వారిపై కేసులు కొట్టివేసింది. తీర్పు వచ్చేలోగా ఊళ్లలో జరగవలసింది జరిగిపోయింది. దుబాయి నుంచి వచ్చినవాడు, పైగా గడ్డం ఉన్నవాడు అంటే చాలు, చేతి మీద హోమ్ క్వారంటైన్ ముద్ర చెరిగిపోయిన తరువాత కూడా కిరాణా దుకాణంలో సరుకు ఇవ్వలేదు. అదే వాడలో, పేరు అడగకుండా నెలరోజులు పాలు, కూరగాయలు గుమ్మం ముందు పెట్టి వెళ్లిన హిందూ సోదరులూ ఉన్నారు. ఆ రెండు మాటలూ చెప్పాలి.

2021 మరింత చిత్రమైన సంవత్సరం. ఫిబ్రవరి 3 నుంచి సౌదీ అరేబియా మన దేశంతో సహా 20 దేశాల వారి రాకను ఆపివేసింది. వేరొక దేశంలో 14 రోజులు గడిపితే వెళ్లవచ్చు. ఆ దారిలో దుబాయి చేరినవారు, ఆ జాబితాలో దుబాయి ఉన్న దేశం కూడా చేరడంతో అక్కడే ఆగిపోయారు. తరువాత నేపాల్ దారి పట్టారు. ఏప్రిల్ చివర నేపాల్ ఆ దారి మూసింది. మాలే, అడిస్ అబాబా అంటూ ఏజెంట్లు కొత్త ఊళ్ల పేర్లు చెప్పారు. జగిత్యాల వైపు మిత్రుడొకరు రాసిపెట్టుకున్న లెక్క మేము చూశాం: టికెట్లు, హోటలు, పరీక్షలు, ఏజెంటు కమీషను కలిపి లక్షా డెబ్బై వేలు. ఆయన జీతం పదిహేను వందల రియాళ్లు. నెలంతా తినకుండా దాచినా, ఆ అప్పు తీరడానికి ఐదారు నెలలు పడుతుంది. సౌదీ ప్రభుత్వం బయట చిక్కుకున్నవారి ఇఖామాలను పలుమార్లు ఉచితంగా పొడిగించింది, అది పెద్ద ఉపకారమే. కాని ఇఖామా నిలిచినంత మాత్రాన ఉద్యోగం నిలవదు. కఫీల్ ఎన్ని నెలలు ఆగుతాడు?

ఇక టీకా. మే నెలలో కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య వ్యవధిని 12 నుంచి 16 వారాలకు పెంచారు. వీసా గడువు అంతవరకు ఆగదు. జూన్ 7న కేంద్రం, చదువుకు, ఉద్యోగానికి విదేశం వెళ్లేవారు 28 రోజుల తరువాత రెండవ డోసు తీసుకోవచ్చని అనుమతించింది. మంచి నిర్ణయం. అయితే సౌదీ జాబితాలో ఉన్న పేరు ఆస్ట్రాజెనెకా, మన ధ్రువపత్రం మీద ఉన్న పేరు కోవిషీల్డ్. రెండూ ఒకటేనని మనకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు. కేరళ ప్రభుత్వం ఆ పేరును కూడా చేర్చి పత్రాలిచ్చింది. మనవారు ఆ పత్రం చూసి, మాకెందుకు లేదని మమ్మల్ని అడిగారు.

కోవాగ్జిన్ వేయించుకున్నవారి సంగతి మరీ బాధాకరం. మన హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీలో తయారైన టీకా. తొలినాళ్లలో కేంద్రానికి వెళ్లినవారికి ఏది ఇవ్వాలో అక్కడివారే నిర్ణయించారు, ఎంచుకునే వీలు లేదు. ఆ తరువాత తెలిసింది, గల్ఫ్‌లో అది చెల్లదని. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని గుర్తించినది ఈ సంవత్సరం నవంబర్ 3న. ఆలోగా కోవిషీల్డ్ కూడా ఇప్పించమని కొందరు కోర్టులకు వెళ్లారు. ప్రజల ప్రాణాలతో ప్రయోగం చేయలేమని సుప్రీంకోర్టు అన్నది. సౌదీలో ఉద్యోగం ఉన్న ఒక ప్రవాసి పిటిషన్‌పై కేరళ హైకోర్టు, టీకా పథకం వల్ల దేశంలో రెండు తరగతుల పౌరులు ఏర్పడ్డారని వ్యాఖ్యానించింది. మా బల్ల ముందుకు వచ్చినవారిలో ఇద్దరు, ఎవరికీ చెప్పకుండా వేరే ఫోను నంబరుతో, వేరే గుర్తింపు కార్డుతో మూడవ, నాలుగవ సూది వేయించుకున్నామని ఒప్పుకున్నారు. మేము వారిని మందలించాం. ఆ రాత్రి ఆలోచిస్తే, వారి స్థానంలో మేమున్నా ఏం చేసేవారమో చెప్పలేకపోయాం.

ఇవన్నీ అందరు ప్రవాసుల కష్టాలు. మనకు ప్రత్యేకమైనది ఒకటి ఉన్నది, పేరు. మన వైపు ముస్లింల పేర్లలో షేక్ ముందుంటుంది. పాస్‌పోర్టులో అది ఇంటిపేరుగా పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ‘ఎస్‌కే’ అని రెండక్షరాలుంటుంది. మొహమ్మద్ ఒకచోట ‘ఎండీ’, మరొకచోట నాలుగు రకాల స్పెల్లింగులు. టీకా కేంద్రంలో ఆధార్ చూపాం కాబట్టి ధ్రువపత్రం ఆధార్ పేరుతో వచ్చింది. విమానాశ్రయంలో చూసేది పాస్‌పోర్టు. కోవిన్‌లో పాస్‌పోర్టు నంబరు చేర్చే వీలు జూన్‌లో వచ్చింది, పేరు సరిదిద్దుకునే అవకాశం మాత్రం ఒక్కసారే. ఆ ఒక్కసారీ ఇంటర్నెట్ సెంటరు కుర్రవాడు తప్పు కొడితే ఇక అంతే. మా రిజిస్టరులో సగానికి పైగా కేసులు టీకా లేనివి కావు, టీకా ఉండీ పేరు కలవనివి. అల్లాహ్ సాక్షిగా చెబుతున్నాం, రెండు డోసులు వేయించుకున్న మనిషి ‘ఎస్‌కే’ అన్న రెండక్షరాల వల్ల శంషాబాద్ నుంచి వెనక్కి వచ్చాడు.

ఈ డిసెంబర్ 1 నుంచి మన దేశం నుంచి నేరుగా సౌదీ వెళ్లడానికి అనుమతి వచ్చింది. ఇక్కడ ఎన్ని డోసులు వేసుకున్నా అక్కడ 5 రోజులు సొంత ఖర్చుతో ఉండాలి. డిసెంబర్ 15న మొదలుకావలసిన మామూలు విమానాలను ఒమిక్రాన్ వల్ల మన ప్రభుత్వం మళ్లీ వాయిదా వేసింది. మరోమారు ఆంక్షలు వచ్చే సూచనలు కనిపిస్తున్నాయి కనుక, కోరవలసినది ఇప్పుడే కోరాలి. రాయబార కార్యాలయాలలో ప్రవాసులు ప్రతి సేవకూ కట్టే అదనపు రుసుముతో 2009 నుంచి భారత సమాజ సంక్షేమ నిధి నడుస్తున్నది. అది మన డబ్బే. ఉద్యోగం పోయి వచ్చేవారి టికెట్టు, క్వారంటైన్ ఖర్చు అందులో నుంచి ఇవ్వాలి. వెళ్లేటప్పటి హోటలు ఖర్చు యజమాని భరించాలన్న షరతును పని ఒప్పందాలలో చేర్పించే బాధ్యత విదేశాంగ శాఖది. పేరు సవరణకు జిల్లా ఆరోగ్య కార్యాలయంలోనే, పాస్‌పోర్టు చూసి సరిచేసే ఒక మనిషిని కూర్చోబెడితే చాలు. స్త్రీలుండే క్వారంటైన్ గదులకు లోపలి గడియ ఉండాలని కూడా వినతిపత్రంలో రాశాం. రాసేటప్పుడు, ఇది కూడా రాయాలా అని మాలో ఒకరు అడిగారు. రాశాం.

వినతిపత్రం ప్రతులు ద్వారం దగ్గర ఉన్నాయి, సంతకాలు పెట్టండి. హజ్ దరఖాస్తుకు కూడా రెండు డోసుల ధ్రువపత్రం అడుగుతున్నారు కాబట్టి, వెళ్లదలచిన పెద్దలు పేర్లు ఇప్పుడే సరిచూసుకోవాలి. అసర్ నమాజు తరువాత మేము ఇక్కడే బల్ల వేసుకొని కూర్చుంటాం. ఆధార్, పాస్‌పోర్టు రెండూ అసలువే తీసుకురండి, జిరాక్సులు కాదు. ఓటీపీ వచ్చే ఫోను కొడుకు దగ్గర ఉంటే కొడుకును కూడా వెంటబెట్టుకు రండి.